ఎనిమిది సాంచల మధ్య ‘మజామా’

సూరత్ వెళ్లొచ్చానని తెలియగానే మా కాలనీ ఆడవాళ్లంతా ముందు నా సంచీ వైపు చూశారు. నాలుగు చీరలు తెచ్చిన మాట నిజమే, వాటి ధరలు విని వాళ్లు బుగ్గలు నొక్కుకున్న మాటా నిజమే. కానీ నేను వెళ్లింది చీరల కోసం కాదు. మా తమ్ముడి చెవి కోసం వెళ్లాను. దారిలో ఒక మాట కోసం కూడా వెతుక్కున్నాను.

ముందు మాట సంగతి చెప్తాను. నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు మనస్తత్వశాస్త్రం చెప్తాను. పాజిటివ్ సైకాలజీ మీద తెలుగులో ఒక పాఠం రాయమని నాకు పని అప్పగించారు. మనిషికి వచ్చిన జబ్బేమిటి అని కాకుండా, మనిషి బతుకు బాగుండటం అంటే ఏమిటి, అది ఎట్లా కుదురుతుంది అని అడిగే శాఖ అది. మొదటి వాక్యంలోనే బండి ఆగిపోయింది. ‘మనిషి ఫలానాగా ఉండటమే ఈ శాస్త్రం కోరేది’ అని రాయాలి. ఆ ఫలానా దగ్గర ఏ మాట పెట్టాలి? సంతోషం అని రాస్తే లడ్డూ తిన్నట్టుంది. ఆనందం అంటే ఆశ్రమం గుర్తొస్తోంది. శ్రేయస్సు పెళ్లిపత్రికలో మాటలా ఉంది. సంక్షేమం అని రాసి చూశాను, ప్రభుత్వ హాస్టల్లో చారు వాసన వచ్చింది. కొట్టేశాను.

ఆ చిరాకులో ఉండగానే సూరత్ నుంచి మౌనిక ఫోన్ చేసింది. మౌనిక మా చిన్నమ్మ కొడుకు కనకయ్య కూతురు. సూరత్‌లోనే పుట్టి పెరిగింది, చీరల మీది పువ్వులను కంప్యూటర్లో గీసే ఉద్యోగం. కనకయ్య పద్దెనిమిదేళ్ల వయసులో సిరిసిల్ల పక్క ఊరి నుంచి అక్కడికి వెళ్లి, మరమగ్గాల మీద పనిచేస్తూ అక్కడే స్థిరపడ్డాడు. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటాం, సూరత్‌లోనూ ఇంచుమించు అదే మాట.

“అత్తమ్మా, పప్పాకు చెవులు వినవడ్తలేవు. సాచు, నిజంగ చెప్తున్న, బిల్కుల్ వినవడ్తలేవు. టెస్టుకు పోదాం అంటే ఝగడా చేస్తడు. ఆ సాంచల మోతల ఇంకో రెండేండ్లు ఉంటే మిగిలింది గుడ పోతదంట. నువ్వు మనసుల సంగతి చదివినవ్ గదా, నువ్వొచ్చి జర ఒప్పియ్యి,” అంది.

మనసుల సంగతి చదివినవాళ్లు సొంత తమ్ముళ్లను ఒప్పించగలరని ఆ పిల్లకు ఎవరు చెప్పారో తెలియదు. అయినా డిసెంబరు సెలవుల్లో టికెట్ తీసుకున్నాను.

రైల్లో ఒక పలకరింపు

రైల్లో నా ఎదుటి బెర్తు మీద సూరత్ పెద్దాయన ఒకరు. బట్టల దుకాణం కొడుకులకు అప్పగించి, ఇప్పుడు చుట్టాల ఇళ్లు తిరగడమే పనిగా పెట్టుకున్నారట. మెంతికూర వేసిన థేప్లా రొట్టెలు, ఛుందా అనే తియ్యటి మామిడి పచ్చడి తీసి నా చేతిలో పెట్టారు. నేను సకినాలు, వెల్లుల్లి కారం తీశాను. సకినం కొరికి ఆయన కళ్లు పెద్దవి చేశారు. కారం ముట్టుకుని కళ్లు మూసుకున్నారు. తర్వాత ఒక సీసా నీళ్లు తాగారు.

ఆయన నాకు గుజరాతీలో మొదటి పాఠం చెప్పారు. “కేమ్ ఛో?” అంటే ఎట్లా ఉన్నారు అని. దానికి జవాబు “మజామా.” మజాలో ఉన్నాను అని అర్థం. ఒంట్లో బాగాలేకపోయినా, బేరం పోయినా, అల్లుడు అలిగినా మజామాయే. “నిజంగా మజాలో లేకపోతే ఏమంటారు?” అని హిందీలో అడిగాను. ఆయన థేప్లా ఇంకో ముక్క తుంచి, “అప్పుడూ మజామాయే అంటాం. కాకపోతే కాస్త నెమ్మదిగా అంటాం,” అన్నారు.

మనవాళ్లను చూడండి. ఎట్లా ఉన్నావంటే “ఏదో ఇట్లున్నం,” “ఏముంటది, నడుస్తున్నది,” అంటాం. బాగున్నామని గట్టిగా చెప్తే దిష్టి తగులుతుందేమోనని భయం. నా పాఠానికి ముడిసరుకు రైల్లోనే దొరికిందని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

డిండోలి: పదికి పది

సూరత్ శివారు డిండోలిలో కనకయ్య ఇల్లు రెండు గదులు, పైన రేకుల మేడ. గుమ్మం ముందు ముగ్గు, గుమ్మానికి అటూ ఇటూ గుజరాతీలో శుభ్, లాభ్. ఆ వీధిలో మనవాళ్లు చాలామంది. ఒక ఇంట్లోంచి సర్వపిండి కాలిన వాసన, పక్కింట్లోంచి గుజరాతీల మజ్జిగ పులుసు కఢీ వాసన వస్తున్నాయి.

కనకయ్యకు యాభై ఆరేళ్లు. మనిషి సన్నగా, చురుగ్గా ఉన్నాడు. నన్ను చూడగానే సంచీ అందుకుని, “అక్కా! గింత సన్నవడ్డవేంది!” అన్నాడు. నేను సన్నబడి ముప్ఫై ఏళ్లయింది. ఆ అబద్ధానికి నాకెంత సంతోషమైందో చెప్పలేను. మరదలు సుగుణ జొన్నరొట్టె, పుంటికూర పప్పు వడ్డించింది. భోజనమంతా కనకయ్య నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. నాకు మౌనిక మీద అనుమానం వచ్చింది. ఈ కాలం పిల్లలకు పెద్దవాళ్ల చెవుల మీద అంత శ్రద్ధ ఏమిటి?

భోజనాలయ్యాక నా ప్రశ్నల కాగితం తీశాను. పాఠం చివర పిల్లల కోసం నేనే తయారుచేసిన పది ప్రశ్నలు. జీవితం తృప్తిగా ఉందా, చేసే పని ఇష్టమేనా, కష్టంలో తోడు నిలిచేవాళ్లున్నారా, ఇట్లాంటివి. ప్రతిదానికీ సున్నా నుంచి పది దాకా మార్కు వేసుకోవాలి. కనకయ్యను ఎదురుగా కూర్చోబెట్టి మొదటిది అడిగాను. “పది,” అన్నాడు. రెండోది, పది. మూడో ప్రశ్న నుంచి నేను తల వంచుకుని, కాగితం చూస్తూ చదువుతున్నాను. వరసగా “పది అక్కా,” “పదికి పది,” “మజామా, రాస్కో పది.” నాలుగో ప్రశ్న ‘మీకు రాత్రిళ్లు దిగులుగా ఉంటుందా’ అని. దానికీ పదే.

నేను పొంగిపోయాను. సూరత్‌లో అడుగుపెట్టిన మొదటిరోజే గుజరాతంతటిలోకి హాయిగా ఉన్న మనిషి దొరికాడు, అందులోనూ మా ఇంటి మనిషి. నాలుగో దాని సంగతి ఏదో పొరపాటై ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. వంటగదిలోకి వెళ్లి, “మౌనికా, మీ నాన్నకు బాగానే వినబడుతోంది. నువ్వే ఉత్తగా భయపడుతున్నావు,” అన్నాను.

మౌనిక నా చెయ్యి పట్టుకుని గడప దగ్గరికి తీసుకొచ్చింది. కనకయ్య మాకు వీపు పెట్టి టీవీ చూస్తున్నాడు. ఆ పిల్ల మామూలు గొంతుతో, “పప్పా, మనింటికి నిప్పంటుకున్నది,” అంది.

కదలలేదు. ఇంకాస్త గట్టిగా అంది. కనకయ్య ఏదో పలకరింపు అనుకున్నట్టున్నాడు. వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపి, “మజామా బేటా, మజామా,” అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సాంచల కార్ఖానాలో మోతకు మాట వినబడదు. అందుకని అక్కడ పనిచేసే కారీగర్లు పెదవులు చూసి మాట తెలుసుకుంటారు, చేతులతో చెప్పుకుంటారు. ముప్ఫై ఎనిమిదేళ్లు అట్లా బతికినవాడికి ఎదుటి మనిషి పెదవులు చదవడం మనం పేపరు చదివినంత సులువు. నేను తల వంచుకున్నప్పుడు మాత్రం పెదవులు కనబడలేదు. కనబడనప్పుడల్లా పది, లేకపోతే మజామా. సగం జీవితం మనసులను చదవడం నేర్పిన నేను, నా ఎదుట కూర్చున్న మనిషికి నా మాట వినబడటం లేదని కనిపెట్టలేకపోయాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీ అడుగున దాచాను.

లోచో

మర్నాడు పొద్దున మౌనిక నన్ను స్కూటీ మీద నాస్తాకు తీసుకెళ్లింది. తిండి సూరత్‌లో, చావు కాశీలో అని ఇక్కడ సామెత. ఆ రెండోది తర్వాత చూసుకోవచ్చని, బండి దగ్గర వరసలో నిలబడ్డాం. దొన్నెలో పసుపుపచ్చటి మెత్తటి ముద్ద, మీద నూనె, సన్న కారప్పూస, ఉల్లిముక్కలు, పచ్చటి చట్నీ. ప్లేటు నలభై రూపాయలు. పేరు లోచో. చూడటానికి ఉప్మా మీద ఎవరో కూర్చుని లేచినట్టుంది. నోట్లో పెట్టుకుంటే మాత్రం వెన్నలా కరిగింది.

“లోచో అంటే ఏంటో తెల్సా అత్తమ్మా? గడ్‌బడ్ అన్నట్టు. ఎవరో ఖమణ్, గదే శెనగపప్పు రుబ్బి ఆవిరి మీద ఉడికిచ్చేది, చేస్తుంటే పిండి సరిగ ఉడకక గిట్ల ముద్దయిందంట. పారేయకుండ నూనె, సేవ్ ఏసి అమ్మేసిండంట. గా గడ్‌బడే గీ నాస్తా. మనోళ్లైతే ఏం చేసేటోళ్లు?”

“మనవాళ్లైతే పప్పు అమ్మినవాణ్ని తిట్టి, బర్రెకు పెట్టేవాళ్లం,” అన్నాను. నిజంగానే, తప్పుకు పేరుపెట్టి, దాన్ని నిలబడి తింటున్న ఊరి మీద నాకు గౌరవం కలిగింది. ఇంకో ప్లేటు తెప్పించాను.

తింటూ మౌనిక నా పాఠం గురించి అడిగింది. అడిగినవాళ్లకు చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు. బాగుండటం అంటే ఏమిటన్న తగువు చాలా పాతది, గ్రీసు దేశంలో రెండువేల ఏళ్ల కిందటే పెద్దలు దీని మీద రెండు జట్లయ్యారని చెప్పాను. ఒక జట్టు, బాధ లేకపోవడం, ప్రాణానికి హాయిగా ఉండటం, అదే మంచి బతుకు అంది. అట్లాగని విందులు చెయ్యమనలేదు, తోటలో నలుగురు స్నేహితులతో కూర్చుని ఉన్నది పంచుకు తిన్నా చాలంది. రెండో జట్టు, హాయి ఒక్కటే కాదు, నీలో ఉన్న నేర్పును పూర్తిగా పనిలో పెట్టి బతకాలి, పిల్లనగ్రోవి ఊదేవాడి బాగు దాన్ని బాగా ఊదడంలోనే ఉంది అంది. మన పెద్దలూ ప్రేయస్సు ఒకటి, శ్రేయస్సు ఒకటి అని విడదీసి, రెండోదాన్ని పట్టుకొమ్మన్నారు. ఇప్పటి శాస్త్రం ఈ రెండు జట్ల మాటలనూ తీసుకుని, వాటిని కొలిచి చూద్దామని బయల్దేరింది.

మౌనిక చేతివేళ్లు నాకి, “అయితే నేను ఫస్ట్ పార్టీ. పప్పా సెకండ్ పార్టీ,” అని తేల్చేసింది. “పప్పా భయం చెవుడు గురించి గాదత్తమ్మా. టెస్టు కాగితం సేటు చూస్తే సాంచల మీదికెళ్లి తీసేస్తడని. సాంచలు లేకుంటే నేనెవర్ని అంటడు.”

నా పది ప్రశ్నల్లో ఒక్కటి కూడా ఆ భయాన్ని తాకలేదు.

లింబాయత్: ఎర్ర తువ్వాల

కార్ఖానా లింబాయత్‌లో ఉంది. షేరింగ్ ఆటోలో ఇరవై రూపాయలు. ముగ్గురు కూర్చునే సీట్లో ఐదుగురం, నా ఒళ్లో ఎవరిదో దారపు ఉండల మూట. అంత ఇరుకు సందులో ఆటో ఎట్లా తిరిగిందో ఇప్పటికీ అర్థం కాదు.

గేటు దాటగానే మోత ఒంటి మీద పడింది. చెవులు మూసుకున్నా పళ్లలోంచి వినబడుతుంది. వరసలు వరసలుగా సాంచలు, నూనె వాసన, గాలిలో దూది నూగు. గోడ మీద పెద్ద పసుపు స్టిక్కరు, నవ్వు మొహం, కింద హిందీలో ‘ముస్కురాతే రహియే.’ నవ్వుతూ ఉండండి అని. నాకు ఒళ్లు మండింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మా శాస్త్రం జబ్బులు నయం చేయడంలో పడిపోయింది, మనిషి ఎదుగుదల గురించి కొందరు మాట్లాడినా వాళ్ల గొంతు పెద్దగా వినబడలేదు. పోయిన శతాబ్దం చివర్లో అమెరికాలో కొందరు పెద్దలు, మిగిలిన సగం కూడా చూద్దాం, ధైర్యం, కృతజ్ఞత, స్నేహం, పనిలో మునిగిపోవడం, వీటినీ చదువుదాం అన్నారు. మంచి మాటే. దాని మీద పుస్తకాలు, తరగతులు పెరిగాయి. పెరిగి పెరిగి చివరికి ఇట్లా స్టిక్కరై, చెవులకు దూది కూడా ఇవ్వని గోడకు అంటుకుంది. ఈ శాస్త్రాన్ని తప్పుపట్టేవాళ్లు అనే మాట కూడా ఇదే, మోత తగ్గించకుండా మనిషిని నవ్వమంటారేమని.

కనకయ్య ఆ మోతలోకి వెళ్లగానే మారిపోయాడు. ఎనిమిది సాంచలు ఆయన నడిపేవి. వాటి మధ్య నడుస్తూ ఒకదాని మీద అరచెయ్యి ఆనించి, ఇంకోదాని బట్ట మీద వేలు నడిపి, తెగిన దారం కొసలు రెండూ పట్టుకుని, నేను రెప్ప వేసేలోగా ముడి వేసేశాడు. ఆ మొహంలో ఉన్న ఏకాగ్రత నేను పుస్తకాల్లో చదివిందే. దాన్ని ఎదురుగా చూస్తే గర్వమేసింది.

అప్పుడు ఆయన వెనక మూడో సాంచ ఆగిపోయింది. కనకయ్యకు తెలియలేదు. పక్క వరసలోంచి ఒక పెద్దాయన తన ఎర్ర తువ్వాలను గాలిలో రెండుసార్లు తిప్పాడు. కనకయ్య అది చూసి తిరిగి, వెళ్లి దారం కట్టాడు. కాసేపటికి ఆ పెద్దాయన సాంచలో దారం తెగింది. ఆయన కొస కోసం కళ్లు చికిలించి తడుముతుంటే కనకయ్య వెళ్లి ముడి వేసి వచ్చాడు. ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

టీ వేళ బయటికొచ్చాక సంగతి తెలిసింది. ఆయన పేరు బాబుల, ఒడిశా మనిషి, ఇరవై ఏళ్లుగా పక్క వరస. ఆయనకు దగ్గరి చూపు తగ్గింది. కనకయ్యకు చెవి తగ్గింది. ఎవరికీ చెప్పకుండా ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. రెండేళ్లుగా ఆయన చెవితో ఈయన, ఈయన కళ్లతో ఆయన నెట్టుకొస్తున్నారు.

నేను నా చదువంతా ఉపయోగించి పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఆరోగ్యం గురించి, కుటుంబం గురించి, రేపటి గురించి. కనకయ్య నా పెదవులు శ్రద్ధగా చూసి, “నువ్వు మంచిగ చెప్తవక్కా. క్లాసుల పిల్లలు అదృష్టవంతులు,” అని టీ తాగాడు. అంతే.

బాబుల నా మాటలు అర్థం కాకపోయినా సంగతి గ్రహించాడు. కనకయ్య ఎదురుగా వచ్చి, పెదవులు బాగా కనబడేటట్టు, “కనకయ్యా భాయీ, ఏక్ బాత్ బోల్తా హూఁ. తుమ్ కాన్ దిఖావో, మై ఆఁఖ్ దిఖాతా హూఁ. దోనో సాథ్ చలేంగే. నహీ తో కల్ సే తువ్వాల్ బంద్!” అన్నాడు. నువ్వు చెవి చూపించుకో, నేను కళ్లు చూపించుకుంటాను, లేకపోతే రేపటి నుంచి తువ్వాల ఊపను అని.

కనకయ్య గ్లాసు కింద పెట్టాడు. “గిది బెదిరింపు గాదా?” అని నన్నడిగాడు.

“బెదిరింపే,” అన్నాను.

“గట్లనా,” అని గ్లాసు మళ్లీ అందుకుని, “సరే తియ్, ఎల్లుండి సెలవున్నది,” అన్నాడు. నా ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఒక తువ్వాల ముందు ఓడిపోయింది. ఓడినందుకు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

గాజు కిటికీ గది

సెలవు రోజు నలుగురం ఆసుపత్రికి వెళ్లాం. బాబుల పని ముందు అయిపోయింది. అద్దాలు రాసిచ్చారు. కనకయ్యను చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు. కిటికీ ఇవతల మిషన్ ముందు ఒక అమ్మాయి. ఆవాజ్ వినబడగానే చెయ్యి లేపాలి అని పెదవులు కనబడేటట్టు చెప్పింది. కనకయ్య తలూపాడు.

పరీక్ష మొదలైంది. ఆ అమ్మాయి బొత్తాం నొక్కింది. చెయ్యి లేవలేదు. శబ్దం పెంచింది, లేవలేదు. ఇంకా పెంచింది, లేవలేదు. బొత్తాం వదిలింది. టక్కున చెయ్యి లేచింది! మళ్లీ నొక్కింది. చెయ్యి కిందే. వదిలింది. చెయ్యి పైకి. ఆ అమ్మాయి నుదురు చిట్లించి నా వైపు తిరిగి, “కాకా ఉల్టా కర్ రహే హై. సమఝ్‌తే తో హై న?” అంది. అర్థమవుతుంది కదా ఆయనకు, అని అడిగే తీరులో ఏదో జాలి ఉంది. నాకు భయం వేసింది. చెవి ఒక్కటే కాదేమో, ఇంకేమైనా ఉందేమో అని మౌనిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తలుపు తీసి, “తమ్మీ, చప్పుడు వస్తే చెయ్యి లేపమన్నారు గదా, పోయినాక లేపుతున్నావేంది?” అన్నాను.

కనకయ్య నన్ను వింతగా చూశాడు. “చప్పుడు వస్తుంటే చెయ్యెందుకు లేపుత అక్కా? సాంచ నడుస్తున్నట్టే గదా. ఆగితేనే గదా చెయ్యి పెట్టుడు?”

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు బాబుల పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత మేమందరం. సంగతి హిందీలో చెప్తే ఆ అమ్మాయి కూడా నవ్వి, కాగితం మార్చింది. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ చెవులు చప్పుడు కోసం కాదు, చప్పుడు ఆగడం కోసం కాచుకుని ఉన్నాయి. కనకయ్య ఈసారి సరిగ్గానే చేశాడు. బొంగురు చప్పుళ్లకు చెయ్యి లేచింది, సన్నటి చప్పుళ్లకు ఎంత పెంచినా లేవలేదు.

పోయింది తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవచ్చు అన్నారు డాక్టరు. మోతకు దూరంగా ఉండాలి, చెవికి మిషన్ పెట్టుకోవాలి, కొలత తీసుకుంటాం, పదిహేను రోజుల్లో వస్తుంది. కనకయ్య కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

డుమస్: నల్ల ఇసుక

ఆ సాయంత్రం సుగుణను కూడా వెంటబెట్టుకుని అందరం సముద్రానికి వెళ్లాం. డుమస్‌లో ఇసుక నల్లగా ఉంటుంది. సెలవు దొరికితే సూరత్ వాళ్లు ఇళ్లలో ఉండరు. చాపలు, డబ్బాలు పట్టుకుని బయటికొచ్చి, రోడ్డు పక్కనైనా సరే, కూర్చుని తింటారు. మనం పెళ్లికి వెళ్లినంత హడావుడి వాళ్లకు వారం వారం ఉంటుంది. టమాటా బజ్జీలు తిన్నాం. టమాటా చక్రం మీద పచ్చ కారం పూసి, పిండిలో ముంచి వేయిస్తారు. మొదటిదానికి నాలుక కాలింది. పొంక్ అని లేత జొన్నలు కాల్చి అమ్ముతున్నారు. అవి మన ఊచబియ్యమే! చెరుకు తోటల మధ్య మా నాయన కాల్చి, అరచేతుల్లో నలిచి పెట్టేవాడు. మా దగ్గర ఊరికే తినేవాళ్లం, ఇక్కడ తూకం వేసి కారప్పూసతో కలిపి ఇస్తున్నారు. నేనూ కనకయ్యా ఒకే పొట్లంలోంచి తిన్నాం.

“అక్కా, నువ్వు రాసే పాఠమేంది?” అని అడిగాడు. నేను ఆయన వైపు తిరిగి కూర్చుని చెప్పాను. ఈసారి మాటలు వెతుక్కోనక్కర్లేకపోయింది.

“మా శాస్త్రం గుడ నీలెక్కనే తమ్మీ. యాభై ఏండ్లు ఆగిన సాంచల దిక్కే చూసింది. ఏ మనిషి ఎక్కడ తెగిండు, ఎట్లా ముడెయ్యాలె అని. నడిచే సాంచ ఎట్లా నడుస్తుందని అడిగినోళ్లు తక్కువ. ఇప్పుడడుగుతున్నరు.”

కనకయ్య జొన్నలు నములుతూ ఆలోచించాడు. “మంచిదే గదా. బట్ట నడిచే సాంచ మీదనే వస్తది.” ఇంకో పిడికెడు నోట్లో వేసుకుని, “గని అక్కా, నడిచేదాన్నే చూసుకుంట మురుస్తే, ఆగినదాన్ని ఎవ్వరు చూడాలె? రెండు చూసేటోడే కారీగర్,” అన్నాడు.

ఆ స్టిక్కరు మీద నాకున్న కోపమంతా, శాస్త్రం మీద నాకున్న ఇష్టమంతా ఆ ఒక్క మాటలో సర్దుకుపోయాయి.

అప్పుడే బాబుల ఒక కొత్త సంగతి చెప్పాడు. కార్ఖానాలో నేసిన బట్టను, తకా అంటారు దాన్ని, బల్ల మీద పరిచి లోపాలు వెతికే పెద్దమనిషి సంక్రమణం తర్వాత పని మానేస్తున్నాడట. ఆ గది వెనకవైపు ఉంది, మోత తక్కువ. కనకయ్య చూపు ఎంత చురుకో సేటుకు కూడా తెలుసు. “నువ్వే అడుగు,” అన్నాడు.

సుగుణ భర్త మోకాలు తట్టి, ఆయన తన వైపు తిరిగేదాకా ఆగి, “సాంచ పోతే ఏమాయె, బట్ట నీ చేతిలనే ఉంటది గద,” అంది.

కనకయ్య పొట్లం నా చేతిలో పెట్టి, జేబులోని కాగితాన్ని తడిమి చూసుకున్నాడు. “సేటునడుగుత. కాగితం గుడ చూపిస్త,” అన్నాడు. మౌనిక మొహం అటు తిప్పుకుంది. ఏడ్చిందో, పచ్చ కారం కంట్లో పడిందో నేను అడగలేదు.

ప్లాట్‌ఫారం మీద

ఐదో రోజు స్టేషనుకు అందరూ వచ్చారు. బాబుల కొత్త అద్దాల్లోంచి నా టికెట్టు మీది సన్న అక్షరాలన్నీ పైకి చదువుతున్నాడు. సుగుణ నా సంచీలో నువ్వుల లడ్డూలు కూరింది. సేటు ఆలోచించి చెప్తానన్నాడట. ఒప్పుకున్నట్టేనని మౌనిక అంటోంది, చూడాలి.

రైలు కదిలింది. నేను కిటికీ కమ్మీలు పట్టుకుని, మావైపు సెలవు తీసుకునేటప్పుడు అందరూ అనే మాటే అన్నాను. “మంచిగుండు తమ్మీ!”

అన్నాక నా మాట నాకే తగిలింది. మంచిగ. ఒళ్లు బాగుంటే మంచిగున్నం అంటాం. పని కుదిరితే మంచిగైంది అంటాం. గుణం ఉన్నవాణ్ని మంచోడు అంటాం. హాయి, నేర్పు, గుణం, మూడింటికీ కలిపి మా అమ్మ రోజూ వాడిన మాట అదొక్కటే. నేను నిఘంటువులన్నీ తిరగేశాను గానీ ఇంట్లో మాట గుర్తు రాలేదు. నా పాఠం మొదటి వాక్యంలో ఇప్పుడు ఆ మాటే ఉంది.

కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. రైలు కూత పెట్టింది, పక్క లైనులో గూడ్సు బండి వెళ్తోంది, కిటికీ కమ్మీ నా పెదవులకు అడ్డం వచ్చింది. కనకయ్యకు వినబడలేదని ఆయన కళ్లలోనే తెలిసింది. ఇంక చెయ్యి ఊపి మజామా అంటాడని ఎదురుచూశాను.

అనలేదు. రైలుతోపాటు నాలుగడుగులు పరుగెత్తి, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని, ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసేటట్టు అరిచాడు.

“వినవడలే అక్కా! మల్ల చెప్పు!”

నేను కమ్మీల సందులో పెదవులు కనబడేటట్టు మొహం ఆనించి, గొంతు పగిలేటట్టు మళ్లీ చెప్పాను.